ఒకే ఇంటిపేరు గల ఇద్దరు ఫోర్నియర్లు

1967 చలికాలం. ఇంగ్లండులోని బెర్క్‌షైర్‌లో, బ్రాక్‌నెల్ ఊరి నుంచి బస్సులో వెళ్ళగలిగే దూరంలో ఒక ఆసుపత్రి. అందులో నేను పోర్టర్‌ని. పోర్టర్ అనగానే మనవాళ్ళకి రైలు స్టేషన్లో పెట్టెలు మోసేవాడు గుర్తొస్తాడు. ఆసుపత్రి పోర్టర్ మోసేది మనుషుల్ని. వార్డు నుంచి ఎక్స్‌రేకి, అక్కడి నుంచి ఆపరేషన్ చేసే థియేటర్‌కి, మళ్ళీ వార్డుకి, ఒక్కోసారి మార్చురీకి. చక్రాల మంచం తోయడానికి చదువెందుకని నన్ను పనిలో పెట్టుకున్నారు. విశాఖపట్నం రేవులో పెరిగి, ఓడల్లో బొగ్గు వేసి, ఇంగ్లండులో దిగిపోయినవాణ్ణి. నలభై దాటినా ఏ భాషలోనూ ఒక్క అక్షరం రాదు. నేలమీద ఏ వార్డుకి ఏ రంగు గీత పోతుందో గుర్తుపెట్టుకుని పని నడిపేవాణ్ణి.

నా పేరు అప్పన్న. మా వార్డు పెద్ద నర్సుని సిస్టర్ అంటారు. ఆవిడకి నోరు తిరగక మొదటిరోజే నన్ను యాపిల్ అంది. ఆసుపత్రంతా అదే పేరు ఖాయమైంది.

ఆ చలికాలం మగవాళ్ళ ఎముకల వార్డులో మిస్టర్ ఫోర్నియర్ అనే ముసలాయన చేరాడు. ఇంటిముందు మంచుమీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ట్రాక్షన్‌లో పెట్టారు. అంటే కాలిని పైకెత్తి, తాడుకి బరువులు వేలాడదీసి, ఎముక సరిగ్గా అతికేదాకా లాగి ఉంచడం. వారాల తరబడి వెల్లకిలా పడుండాలి. మంచి మనిషి కూడా రాక్షసుడవుతాడు. ఈయన మొదటినుంచీ మంచి మనిషేం కాదు. ఇనపసామాన్ల దుకాణం నడిపినవాడు. మేకులు అమ్మినట్టే మాటలు విసిరేవాడు.

ఒకరోజు ఆయన మంచం పక్కనుంచి పోతుంటే పిలిచాడు.

"యాపిల్, ఈ పేపర్లో ఈ బొమ్మ కింద ఏం రాశారో చెప్పు. నా కళ్ళద్దాలు ఎక్కడో పడేసింది ఆ నర్సు."

"నాకు చదవడం రాదు."

"రాకపోవడమేంటి? కళ్ళు కనిపించవా?"

"కళ్ళకేం రోగం లేదు. చదువే లేదు."

పేపరు మడిచి పక్కన పెట్టాడు. నవ్వుతాడేమో, నవ్వితే ఏం చెప్పాలా అని చూస్తున్నాను.

"నేను కదల్లేను, నువ్వు చదవలేవు. మంచి జత. టీ తాగే టైముకి ఇక్కడికి రా. నీకు తప్పులు చెప్పి నేనూ పొద్దుపుచ్చుతా."

అలా మొదలైంది. నేను టీ కప్పు పట్టుకుని ఆయన మంచం దగ్గర నిలబడేవాణ్ణి. మంచం తలవైపు తగిలించిన కార్డు మీద ఆయన పేరుండేది. నేను జీవితంలో కూడబలుక్కుని మొత్తంగా చదివిన మొదటి మాట అదే, ఫోర్నియర్. అది చదివిన రోజు ఆయన పొంగిపోయాడు. నాకు చదువొచ్చినందుకు కాదు, నేను చదివింది తన పేరైనందుకు.

"ఆ పేరంటే ఏమనుకున్నావు? ఫ్రాన్సులో రాజు మా మతాన్ని బతకనివ్వకపోతే, ప్రాణాలు చేత్తో పట్టుకుని పడవల్లో సముద్రం దాటొచ్చారు మావాళ్ళు. తూర్పు లండన్‌లో పట్టు నేశారు. అక్కడొక వీధికి ఆ పేరు ఇప్పటికీ ఉంది. దొరల పేరది. నేనే ఆఖరివాణ్ణి. పిల్లల్లేరు, మా ఆవిడ పోయింది. నాతో ఆ పేరు సరి."

అది చెప్పేటప్పుడు మాత్రం గొంతులో మేకులుండేవి కావు.

ఎముక అతుక్కుంటోందని డాక్టర్లు సంతోషించారు. అసలు కష్టం అక్కడే మొదలైంది. సిస్టర్ వచ్చి చెప్పింది, మెట్లెక్కడం ఇక కష్టమని, ఇంట్లో తోడు మనిషి ఉంటేనే ఇంటికి పంపుతామని, లేకపోతే లాంగ్‌స్టేకి పంపాల్సొస్తుందని. లాంగ్‌స్టే అంటే మా ఆసుపత్రి వెనక గుట్టమీది ఎర్ర ఇటుకల కట్టడం. ఒకప్పుడు దిక్కులేని బీదల్ని పడేసి పనిచేయించిన వర్క్‌హౌస్ అది. సున్నం కొట్టి, పేరు మార్చి, ముసలి రోగుల్ని ఉంచేవారు. అక్కడి నర్సులు మంచివాళ్ళే. కానీ ఆ ఊరి ముసలాళ్ళకి పాత పేరే గుర్తు. అక్కడికి మనుషుల్ని తోసుకెళ్ళేవాళ్ళలో నేనొకణ్ణి. అక్కడినుంచి ఇంటికెళ్ళే మనిషిని తోసినట్టు నాకు గుర్తులేదు.

ముసలాయన ఆ పూట చదువు చెప్పలేదు.

"మా అమ్మ అక్కడే పోయింది," అన్నాడు. "నేను కిటికీలోంచి చూశాను, లోపలికి రానివ్వలేదు. యాపిల్, నన్ను తోసేది నువ్వే అయితే గుట్టమీద చెయ్యి వదిలెయ్. దొర్లుకుంటూ నా ఇంటికి నేనే పోతా."

"ఎవరూ లేరా? అన్నదమ్ముల పిల్లలు? పాలివాళ్ళు?"

"చెప్పానుగా. ఆఖరివాణ్ణని."

ఇక్కడ మన పద్ధతి కొంచెం చెప్పాలి. మావైపు ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే పేరుకన్నా ముందు ఇంటిపేరు అడుగుతారు. ఒకటే అని తేలితే వరస కలిసిపోయినట్టే, అన్నదమ్ములు. నా ఇంటిపేరు మజ్జి. ఓడలో జ్వరం తగిలి రంగూన్ రేవులో నన్ను దించేస్తే, అక్కడి రేవులో పనిచేసే ఒకాయన నా ఇంటిపేరు విని, తనదీ అదేనని ఇంటికి తీసుకుపోయి, నెల పైచిలుకు గంజి కాచి పోశాడు. అంతకుముందు నేనెవరో ఆయనకి తెలియదు. ఇంటిపేరంటే నాకు అదీ.

ముసలాయన అలా అన్న రెండు మూడు రోజులకి, మగ నర్సులూ పోర్టర్లూ బట్టలు మార్చుకునే గదిలో ఉన్నాను. ఇనప బీరువాల తలుపుల మీద పేర్లుంటాయి. అంతవరకూ అవి నాకు గీతలు. ఆ రోజు ఒక బీరువా మీది గీతలు నన్ను పట్టి ఆపాయి. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. ఫోర్నియర్. ఆ బీరువా మనిషి వచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.

వచ్చినవాడు థియేటర్ నర్సు జెరార్. మారిషస్ నుంచి వచ్చిన కుర్రాడు. నా అంత నలుపు, నాకన్నా పొడుగు.

"ఇది నీ ఇంటిపేరేనా?" అన్నాను.

"లేకపోతే నా బీరువా మీద నీది రాసుకుంటానా?"

"మీ పెద్దాయన పైన కాలు విరిగి పడున్నాడు. చూడ్డానికి ఒక్కరు రారు. రేపోమాపో గుట్టెక్కిస్తారు. నువ్వు ఇదే కప్పుకింద ఉండి ఒక్కసారైనా పోలేదు. సిగ్గులేదూ?"

"మా పెద్దాయనా? మా నాన్న పోర్ట్ లూయీలో చేపలు పడుతున్నాడు." అంతలో అతనికి అర్థమైంది. "ఆ తెల్ల ముసలాయనా! యాపిల్, నీకేమైనా పిచ్చా?" అని బల్లమీద కూలబడి నవ్వాడు. మిగతావాళ్ళనీ పిలిచి చెప్పి నవ్వాడు.

నవ్వు తగ్గాక అతనే చెప్పాడు. ఆ పేరుని అతను ఫుర్నియే అని పలికేవాడు. మారిషస్ బడిలో ఫ్రెంచి చదువుకున్నవాడు. "పాతకాలం ఫ్రాన్సులో చాలా ఊళ్ళలో దొరగారి బట్టీ ఒకటుండేది. జనం ఇళ్ళలో రొట్టె కాల్చుకోకూడదు. పిండి ముద్ద పట్టుకెళ్ళి ఆ బట్టీలోనే కాల్పించుకోవాలి, అందుకు దొరకి ఇచ్చుకోవాలి. ఆ బట్టీ దగ్గర నిప్పు చూసుకుంటూ, రొట్టెలు లోపలికి తోసి బయటికి తీసేవాడే ఫుర్నియే. బట్టీ ఉన్న ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు కదా, అందుకే దేశమంతా ఆ పేరే. ఒకళ్ళకొకళ్ళు ఏమీ కారు. కెనడాలో క్యుబెక్ అని ఉంది, అక్కడైతే గుంపులు గుంపులు. వాళ్ళనీ పిలిపించు, నీ ముసలాయన మంచం చుట్టూ నిలబెడదాం."

"మరి నీకెలా వచ్చింది?"

అప్పుడు నవ్వలేదు. "మా ముత్తాతల్ని ఆఫ్రికానుంచి ఓడల్లో తెచ్చి చెరుకు తోటల్లో పెట్టారు. వాళ్ళ పేర్లు వాళ్ళకి ఉంచలేదు. బానిసత్వం తీసేశాక మనిషికొక ఇంటిపేరు కావాలన్నారట. ఎవడో గుమాస్తా రాశాడు. తోట యజమానిది రాశాడో, తనకి తోచింది రాశాడో. మా ఇంట్లో బట్టీ లేదు, దొరా లేడు."

"ఎవడు పెట్టినా ఇంటిపేరు ఇంటిపేరే," అన్నాను.

"నాకిప్పుడు కావలసింది చుట్టాలు కాదు, గది," అని బూట్లు తొడుక్కున్నాడు. అతని భార్య లిలియాన్ నిండు నెలలతో ఉంది. పిల్ల పుట్టేలోగా గది ఖాళీ చెయ్యమంది ఇంటావిడ. గది అద్దెకిస్తామని కిటికీలో కాగితం చూసి తలుపు తడితే, అతని మొహం చూసి ఇప్పుడే ఇచ్చేశామనేవారు. కొన్ని కాగితాల మీద నల్లవాళ్ళు రావద్దని ముందే రాసుండేది.

మా ఆసుపత్రిలో గుంటూరు వైపు డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. తెలుగు మాట్లాడాలనిపిస్తే నాకు ఆయనే దిక్కు. కారిడార్‌లో ఆపి చెప్పాను.

"బాబూ, ఇద్దరిదీ ఒకటే ఇంటిపేరండి. ఆ ముసిలాయనికి ఇల్లుంది, మడిసి లేడు. ఈడికి పెళ్ళాముంది, కొంప లేదు. కలిపీమంటారా?"

"నీకేం పనయ్యా అప్పన్నా? మన దగ్గరైనా ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన అందరూ ఒకటవుతారా? కులం వేరైతే కాదు, గోత్రం వేరైతే కాదు. పైగా వీళ్ళు దొరలు. తండ్రీ కొడుకులే క్రిస్‌మస్‌కి కార్డు పంపించి ఊరుకుంటారు. సిస్టర్‌కి తెలిసిందంటే నీ ఉద్యోగం ఊడుతుంది. నా మాట విని ట్రాలీ తోసుకో."

"అలగేనండి," అన్నాను. మాట వినలేదు.

జెరార్‌ని వదల్లేదు. కనిపించినప్పుడల్లా అదే మాట. చివరికి విసుగెత్తి అన్నాడు, "సరే, వస్తా. నువ్వు చెప్పేది పిచ్చి అని ఆయన నోటితోనే నీకు వినిపిస్తా. అప్పుడైనా నన్ను వదులుతావా?"

ఆ రోజుల్లో విజిటింగ్ అవర్ అంటే సిస్టర్ గంట కొట్టి తలుపు తీసే వేళ. మంచానికి ఇద్దరు, అంతకు మించి కుదరదు. వార్డునిండా పళ్ళ సంచులతో, పూలతో జనం. ముసలాయన మంచం దగ్గర కుర్చీ ఖాళీ. సిస్టర్ తలుపు దగ్గర నిలబడి ఉంది.

"మిస్టర్ ఫోర్నియర్ కుటుంబం వచ్చారు," అన్నాను, గట్టిగానే.

సిస్టర్ నా వెనక చూసింది, జెరార్ వెనకా చూసింది. "ఎక్కడ?"

"ఈయనే. ఇంటిపేరు అడగండి."

ఎవరో కిసుక్కుమన్నారు. పక్క మంచమతను, "ఏంటయ్యా ఫోర్నియర్, ఎండలో బాగా వదిలేశావే వీణ్ణి!" అన్నాడు. వార్డు గొల్లుమంది. జెరార్ మొహం గట్టిపడింది. వెనక్కి తిరిగాడు. నేను చెయ్యి పట్టుకుని మంచం దాకా లాక్కెళ్ళాను. ముసలాయన మెడదాకా ఎర్రబడ్డాడు.

"ఇదేం వేళాకోళం, యాపిల్?"

జెరారే జవాబు చెప్పాడు. "సర్, వేళాకోళం కాదు. ఈయనకి నిజంగానే అలా అనిపించింది. పేరు ఒకటైతే రక్తం ఒకటే అనుకుంటున్నాడు. నా పేరు నాది కాదు సర్. ఎవరిదో మాకు తగిలించారు. మీతో నాకు సంబంధం లేదని చెప్పేస్తే వెళ్ళిపోతాను."

ముసలాయన తల అతనివైపు తిప్పాడు. "ఎవరు తగిలించారు?" అన్నాడు.

జెరార్ చెప్పాడు, నాకు చెప్పినట్టే, నిలబడే.

"దొరల పేరని మా నాన్న చెప్పేవాడు," అన్నాడు ముసలాయన, ఎటో చూస్తూ. "నీకేం చెప్పారు?"

"బట్టీలో రొట్టెలు కాల్చేవాడు అని."

"రొట్టెలా?"

"దొరకీ సంబంధం ఉంది సర్. బట్టీ ఆయనది. చేతులు కాలేది ఫుర్నియేకి."

ముసలాయనకి నవ్వు మొదలైంది. ఆయన నవ్వగా నేనప్పటిదాకా చూడలేదు. కాలికి కట్టిన బరువులు ఊగిపోయాయి. సిస్టర్ పరుగెత్తుకొచ్చి, "ట్రాక్షన్! మిస్టర్ ఫోర్నియర్, మీ ట్రాక్షన్!" అని అరిచింది. "మా నాన్న చర్చిలో కూర్చుని ఎంత నిక్కేవాడో తెలుసా? రొట్టెలవాడు!" అని కళ్ళు తుడుచుకున్నాడు. పక్క మంచమతని వైపు తిరిగి, "నువ్వు నోరు మూసుకో, నన్ను చూడ్డానికి మనిషొచ్చాడు," అన్నాడు. జెరార్‌కి కుర్చీ చూపించాడు.

ఆ ఒక్క పూటతో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధమవుతుంది. ముసలాయన ముసలాయనే. మర్నాడు నాతో, "కుర్రాడు చదువుకున్నవాడే, గది దొరకట్లేదని చెప్పాడు. అయినా నా ఇంట్లో అలాంటివాళ్ళుంటే ఇరుగుపొరుగు ఏమంటారు?" అన్నాడు. నేనింకా ఇంటి మాటే ఎత్తలేదు. అంటే తనే ఆలోచిస్తున్నాడు. నాకు అది చాలు. జెరార్‌ని మళ్ళీ రమ్మని నేను అడగలేదు. అతనే థియేటర్ పని అయ్యాక వచ్చేవాడు. ఇద్దరూ గళ్ళ పలక మీద బిళ్ళలు జరిపే డ్రాఫ్ట్స్ ఆట ఆడేవారు. ఒకరి తప్పు ఒకరు పట్టుకుని పోట్లాడుకునేవారు.

ట్రాక్షన్ తీసేశారు. ముసలాయన రెండు కర్రలమీద నాలుగడుగులు వేస్తున్నాడు. ఒక ఉదయం ఆల్మనర్ వచ్చింది. రోగులు ఇంటికెళ్ళాక వాళ్ళ బాగోగులు చూసే ఉద్యోగిని ఆల్మనర్ అనేవారు. లాంగ్‌స్టేలో మంచం ఖాళీ అయిందని, ఆ వారంలోనే మార్చాలని చెప్పింది. నేను అక్కడే దుప్పట్ల బండి పట్టుకుని ఉన్నాను. బండి కదల్లేదు.

"మీకు ఎవరూ లేరనే కదా రాసుంది?" అంది ఆవిడ.

ముసలాయన చేతులు దుప్పటిని పట్టుకున్నాయి. "తప్పు రాశారు. నాకు మనిషున్నాడు. కింద థియేటర్లో ఫోర్నియర్. వాడూ, వాడి పెళ్ళామూ మా ఇంటి పైభాగంలో ఉంటారు. నేను కింద ముందు గదిలో ఉంటాను."

"ఆయన మీకేమవుతారు?"

ముసలాయన నావైపు చూశాడు. "యాపిల్, మీ లెక్క ప్రకారం వాడు నాకేమవుతాడు?"

నేను వయసులు చూసుకుని లెక్క వేశాను. "తమ్ముడి కొడుకు."

"మేనల్లుడో తమ్ముడి కొడుకో మా భాషలో ఒకటే మాట. నెఫ్యూ. రాసుకోండి," అన్నాడు ఆల్మనర్‌తో.

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసింది, జెరార్ ఎవరో ఆవిడకి బాగా తెలుసు. అయినా రాసుకుంది. ఆవిడకి నేను చాలాకాలం సొంత డబ్బుతో బిస్కెట్లు కొనిపెట్టాను. ఎందుకో ఆవిడ అడగలేదు.

జెరార్‌కి ఈ సంగతి చెప్పింది నేనే. అతను నా మొహంలోకి చూసి, "అద్దె ఎంతట?" అన్నాడు, నమ్మలేక. అద్దె కాదు, బొగ్గు కొనాలి, కూర వండాలి, డ్రాఫ్ట్స్‌లో ఓడిపోవాలి అని ముసలాయన షరతులు చెప్పాను. అతను బీరువా తలుపుకి తల ఆనించి నిలబడ్డాడు. నేను బయటికొచ్చేశాను.

ముసలాయన్ని అంబులెన్సు దాకా తోసింది నేనే. గుట్టవైపు కాదు, ముందు గేటు వైపు. దారిలో ఆయన తిడుతూనే ఉన్నాడు, గట్టిగా తోస్తున్నానని.

వాళ్ళ కాపురం తేనెలా సాగిందని చెప్పను. లిలియాన్ వెల్లుల్లి వేయిస్తే ముసలాయన కిటికీలన్నీ తెరిపించేవాడు. పక్కింటివాళ్ళు కొన్నాళ్ళు పలకరించడం మానేశారు. పిల్ల పుట్టాక, ఏడిస్తే కర్రతో పైకప్పు తట్టేవాడు, ఏడవకపోతే ఎందుకు ఏడవలేదని మళ్ళీ తట్టేవాడు. నేను సెలవు రోజున వెళ్ళేవాణ్ణి. నా చదువు ఆ ముందు గదిలోనే పూర్తయింది. పేపరు మొత్తం చదవగలిగిన రోజు ఆయన నాకొక పెన్ను కొనిచ్చాడు. తెలుగు అక్షరాలు తర్వాత డాక్టరుగారి భార్య నేర్పారు. "ఇంగ్లీషొచ్చి తెలుగు రాకపోతే ఎట్లా అప్పన్నా?" అని ఆవిడ పట్టుబట్టారు. ఆ తల్లికీ నా దండాలు. అయితే మొదటి మాట చదివించింది మాత్రం ఆ మేకుల దుకాణం మనిషే.

1974లో ఆయన పోయాడు. తన ముందు గదిలో, తన మంచం మీద. అప్పుడు లిలియాన్ గంజిలాంటిదేదో తాగిస్తోందట. జెరార్ పక్కనే ఉన్నాడు. ఆసుపత్రి వద్దన్నాడట. నేను వెళ్ళేసరికి జెరార్ ఆయన మొహం తుడుస్తున్నాడు, థియేటర్లో చేసినంత జాగ్రత్తగా.

చర్చిలో ముందు బెంచీ కుటుంబానిది. జెరార్, లిలియాన్, పిల్ల అక్కడ కూర్చున్నారు. నేను నా అలవాటు ప్రకారం వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. పోర్టర్‌ని కదా, ఎప్పుడూ తలుపు దగ్గరే. జెరార్ లేచి అంత దూరం నడిచొచ్చాడు.

"ఇక్కడేం చేస్తున్నావు?"

"నేను ఇంటివాణ్ణి కాదు కదా."

"వరస కలిపింది నువ్వు. మమ్మల్ని ముందు కూర్చోబెట్టి నువ్వు వెనక ఉంటావా? నడు."

వెళ్ళి కూర్చున్నాను. పాట పుస్తకం చేతికిచ్చారు. ఏ పేజీయో ఎవరినీ అడగలేదు.

తర్వాత పోర్టరుగా చాలా ఏళ్ళు పనిచేశాను. నాకెవరూ లేరన్న రోగి కనిపిస్తే ఇంటిపేరు అడగడం మానలేదు. చాలాసార్లు ఏమీ తేలలేదు, తిట్లు మాత్రం తేలాయి. ఆ ఇద్దరి మధ్యా రక్తసంబంధం లేదని డాక్టరుగారు చెప్పింది నిజమే, జెరార్ చెప్పిందీ నిజమే. నేను చెప్పిందే తప్పు. అది తప్పని వాళ్ళిద్దరికీ మొదటిరోజే తెలుసు. తెలిసీ ఏడేళ్ళపాటు దాన్ని దిద్దకుండా నిలబెట్టారు. అందుకు వాళ్ళకి నేను బతికినంతకాలం రుణపడి ఉంటాను.